ఫైర్ ఈల్‌కి తోడు చేపలు: శ్రమ లేని ఎంపిక

వేలెడంత ఫైర్ ఈల్‌ని తెచ్చుకున్నారా? మంచి పని చేశారు. మన గోదావరి బొమ్మిడాయికి ఇది దగ్గరి చుట్టం. థాయ్‌లాండ్, ఇండోనేషియా నదుల్లో మీటరు దాకా పెరుగుతుంది. దీని పక్కన ఏ చేపలు వేయాలా అని నెలల తరబడి చదివేవాళ్లున్నారు. మీకా ఖర్మ వద్దు. ఇలా చేయండి, రెండు నెలల్లో అక్వేరియం చాకిరీ మొత్తం తప్పుతుంది.

1. ఆరడుగుల ట్యాంకు కావాలంటారు. రెండడుగులది కొనండి. ఎవరైనా అడిగితే "ఇప్పుడు చిన్నదే కదా, పెరిగాక చూద్దాం" అనండి. ఈ ఒక్క మాట కొట్లోనూ ఇంట్లోనూ పనిచేస్తుంది.

2. నీళ్లు పోసిన రోజే చేపల్ని వేయడం మొదలుపెట్టండి. అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. కంటికి కనిపించని వాటి కోసం అన్నాళ్లు ఎవరు కాచుకుంటారు? చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నెపం బోరు నీళ్ల మీదికి తోసేయండి.

3. మొదటి విడతగా డజను నియాన్ టెట్రాలు, గప్పీలు వేయండి. ఈల్ పగలంతా ఇసుకలో దూరి ముక్కు మాత్రం బయట పెడుతుంది. లైటు ఆర్పాక వేటకు బయల్దేరి నోట్లో పట్టినదాన్నల్లా మింగుతుంది. అంటే రోజూ రాత్రి వానపాములు, రొయ్య ముక్కలు వేసే పని మీకు తప్పినట్టే. పొద్దున్నే పిల్లలు లెక్కపెట్టి "నాన్నా, ఏడే ఉన్నాయి" అని ఏడిస్తే, మొక్కల వెనక దాక్కున్నాయని చెప్పండి. మొక్కలు లేవా? రెండు ప్లాస్టిక్‌వి కొనండి, సాకుకి ఆధారం ఉండాలి. మర్నాడు "నిద్రపోతున్నాయి" అనండి. ఆ పై వారం "రాళ్ల కింద గుడ్లు పెడుతున్నాయి" అనండి. నెల తిరిగేసరికి పిల్లలు లెక్కపెట్టడం మానేస్తారు.

4. ఇప్పుడు ఫ్లవర్‌హార్న్‌ని దించండి. వాస్తుకి మంచిదంటే అత్తగారు డబ్బులు కూడా ఇస్తారు. తన హద్దులోకి వచ్చిన దేన్నీ అది ఊరికే వదలదు, ఈల్ ఏమో పిరికిది. రెక్కలు చిరిగితే "ఆడుకుంటున్నాయత్తయ్యా" అనండి.

5. సిల్వర్ డాలర్లు, క్లౌన్ లోచ్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. అవి పెరిగితే ఈల్ నోట్లో పట్టవు, ఈల్‌తో తగవు పెట్టుకోవు. అదే వాటితో వచ్చిన చిక్కు. క్లౌన్ లోచ్ 20 ఏళ్లు కూడా బతుకుతుంది. అంటే 20 ఏళ్లు బకెట్లతో నీళ్లు మార్చాలి! పెళ్లీడుకొచ్చిన పిల్ల పెళ్లిపనులు చూస్తారా, ఈ లోచ్‌ని చూస్తారా?

6. కొత్త చేపల్ని విడిగా ఉంచి గమనించడం దండగ. తెల్ల మచ్చల జబ్బు వస్తే రాగి కలిసిన మందు సగం సీసా కుమ్మరించండి. ఈల్ పొలుసులు మరీ సన్నవి, ఆ మందుకు అది అసలు తట్టుకోదు. కొలత చదవాలంటే కళ్లజోడు వెతకాలి, అది మేడ మీద ఉంటుంది.

7. ఇసుక కడగడం విసుగు. గరుకు కంకర పోయండి. ఈల్ దూరబోయి ఒళ్లు గీరుకుంటే దాని తొందరపాటు అనండి.

8. మూతకి బరువు పెట్టకండి. ఫిల్టర్ పైపు పక్కన సందు దొరికితే ఈల్ అందులోంచి జారిపోగలదు. తెల్లారి సోఫా కింద ఎండిపోయి కనిపిస్తే పక్కింటి పిల్లిని తిట్టండి, గట్టిగా, వాళ్లకి వినబడేలా. పిల్లలకు మాత్రం గోదావరిలో చుట్టాల దగ్గరికి వెళ్లిందని చెప్పండి.

9. మిగిలిన ట్యాంకుని కంకరతో సహా బావమరిది గృహప్రవేశానికి బహుమతిగా ఇచ్చేయండి. కడగక్కర్లేదు. అడుగున పచ్చగా పేరుకున్నది "మంచి పాచి, చేపలకు బలం" అని చెప్పండి.