కారు ఏసీ గ్యాస్: నమ్మితే నష్టపోయే ఆరు సలహాలు

ఏప్రిల్ వచ్చిందంటే విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా ఏసీ షాపుల ముందు కార్లు బారులు తీరతాయి. సలహాలకూ అదే సీజన్. వాటిలో కొన్నిటిని పాటిస్తే డబ్బుతో పాటు కంప్రెసర్ కూడా పోతుంది. అలాంటివే ఇవి.

1. "ఏటా ఎండాకాలం ముందు గ్యాస్ కొట్టించు."
గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. రబ్బరు హోసుల గుండా మెల్లగా కొంత తగ్గడం మామూలే. కానీ నిరుడు నింపింది ఈ ఏడాదికే అయిపోయిందంటే లీకున్నట్టే. నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్లతోనో, రంగు కలిపి యూవీ లైటుతోనో ముందు దాన్ని పట్టుకోవాలి. లేకపోతే మీరు కొన్న గ్యాస్ మళ్లీ గాలిపాలే. చాలా కార్ల ఏసీల్లో ఉండే ఆర్-134ఏ గ్యాస్ కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ల లెక్కన, కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,300 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

2. "చల్లదనం తగ్గిందా, గ్యాస్ తక్కువైనట్టే."
క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, కండెన్సర్‌కు మట్టి పట్టినా, దాని ఫ్యాన్ తిరగకపోయినా, కంప్రెసర్ క్లచ్ పట్టకపోయినా చల్లదనం తగ్గుతుంది. గ్యాస్ జోలికి పోకముందే ఇవన్నీ చూడాలి.

3. "నాలుగు గ్రాములు ఎక్కువే కొట్టించు, ఇంకా చల్లగా వస్తుంది."
జరిగేది దీనికి తలకిందులు. ఎక్కువైన గ్యాస్ ద్రవమై కండెన్సర్‌లో నిలిచిపోతుంది. వేడి వదలడానికి చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌పై భారం పడుతుంది. మీ కారుకు ఎంత గ్యాస్ పట్టాలో సాధారణంగా బానెట్ కింది స్టిక్కర్ మీద గ్రాముల్లో ఉంటుంది.

4. "గేజ్ చూసి నింపితే చాలు, తూకం ఎందుకు?"
ఏసీ ఆగి ఉన్నప్పుడు గేజ్ చెప్పేది ఉష్ణోగ్రత సంగతే. లోపల కాస్త ద్రవం మిగిలి ఉంటే చాలు, 200 గ్రాములున్నా 500 గ్రాములున్నా 30 డిగ్రీల దగ్గర ఆర్-134ఏ ఒత్తిడి ఒకటే, దాదాపు 97 పీఎస్‌ఐ. పాత గ్యాస్‌ను మెషిన్‌లోకి లాగి, సరైన మోతాదును కాటా మీద తూచి నింపడమే పద్ధతి.

5. "వాక్యూమ్ కొట్టడం టైమ్ వేస్ట్."
పైపు విప్పితే గాలి, తేమ లోపలికి పోతాయి. తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగా మారి దారి మూస్తుంది. గ్యాస్‌తో, ఆయిల్‌తో కలిసి ఆమ్లమై లోపలి భాగాలను తింటుంది. వాటిని పంపుతో బయటికి లాగేయడానికే కనీసం అరగంట వాక్యూమ్ పెట్టాలి. పంపు ఆపాక గేజ్ ముల్లు కదులుతోందంటే లీకో తేమో ఇంకా ఉన్నట్టు.

6. "వంటగ్యాస్ నింపితే చవక."
చల్లబరిచే మాట నిజమే. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది డ్యాష్‌బోర్డు లోపల. అక్కడ లీకైతే మండే గ్యాస్ మీ కుటుంబం కూర్చున్న చోట నిండుతుంది. ఈ ఒక్క సలహా మాత్రం ప్రాణాల మీదికే తెస్తుంది. ఎవరిచ్చినా అక్కడికక్కడే కాదనండి.

షాపులో మూడే అడగండి: లీకు ఎక్కడుంది? వాక్యూమ్ ఎంతసేపు పెట్టారు? ఎన్ని గ్రాములు తూచి నింపారు? జవాబులు బిల్లు మీద రాయించుకోండి. రాసివ్వడానికి వెనకాడే షాపుకు మీ కారు అప్పగించకండి.