ఆటకు వాయిదా, వసూలుకు కాదు

2025 మే 9న సరిహద్దు ఉద్రిక్తతలతో ఐపీఎల్ ఆగింది. దేశం ముందు, ఆట తర్వాత. హయత్‌నగర్ చాయ్ హోటళ్లలో కూడా ఎవరూ కాదనలేదు. మర్నాడు ఉప్పల్‌లో కోల్‌కతాతో జరగాల్సిన మ్యాచ్‌కు టికెట్ డబ్బులు వాపసిస్తామని సన్‌రైజర్స్ ప్రకటించింది. స్టేడియంలో కుర్చీ కొన్నవాడికి మర్యాద దక్కింది. మరి యాప్‌లో ప్యాక్ కట్టి సోఫాలో చూసేవాడికి?

‘అన్నా, వారం సంది ఆట లేదు. ప్యాక్ పైసలు కొంచెమన్న తిరిగిస్తరా?’

‘పాత సినిమాలున్నయి గద తమ్మీ, చూసుకో!’

అసలు తమాషా తేదీల్లో ఉంది. ఛాంపియన్స్ ట్రోఫీ కోసమని మార్చి 1న మూడు నెలల ప్యాక్ కట్టినవాడికి మే 25 ఫైనల్ దాకా ఢోకా లేదు. ఆ ఫైనల్ కాస్తా జూన్ 3కు జరిగింది. ప్యాక్ మాత్రం మే నెలతోనే సరి. ఆగిన రోజులకు కట్టిందీ మనమే, పెరిగిన రోజులకు కట్టాల్సిందీ మనమే! ఉప్పల్ మ్యాచ్ ఢిల్లీ దాకా పోయింది గానీ గడువు అంగుళం కదలలేదు. ఇక ఆటో పే సంగతి చెప్పేదేముంది? అది వానకూ ఆగదు, యుద్ధానికీ ఆగదు.

నూటయాభై రూపాయల కోసం ఎవరు తిరుగుతారన్నదే యాప్ వాళ్ల ధీమా. కానీ అడిగే దారి ఉంది: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, కేసు మనముండే జిల్లాలోనే వేయొచ్చు. ముందు ఒక్క ఫోన్ కొట్టండి.