పిడుక్కి వేరు కుంపట్లు

మా వీధి చివర ఉండే మిత్రుడికి హామ్ రేడియో పిచ్చి. మేడ పక్కన టవరు లేపాడు. ఎర్తింగు చూద్దువు గాని రమ్మంటే వెళ్లాను. పెరట్లో నాలుగు సిమెంటు మూతలు, ఒక్కోదాని మీద ఎర్ర పెయింటుతో పేర్లు: టవర్ ఎర్తు, పవర్ ఎర్తు, మెషిన్ ఎర్తు. నాలుగోది వట్టి ‘స్పేర్’. అన్నిటి కిందా తేదీ, ‘1.8 ఓమ్స్’. టెస్టరు పెట్టే ముందు ఒక్కో గుంటలో రెండేసి బక్కెట్ల నీళ్లు పోశారని మావాడి ఇల్లాలు తర్వాత చెవిలో వేసింది. ఉప్పూ బొగ్గూ ముందే పడ్డాయి. ఆవపెట్టడం ఒక్కటే తక్కువ.

“ఈ నాలుగూ ఎక్కడన్నా కలుస్తాయా?” అన్నాను.

గుంటలు తవ్విన కాంట్రాక్టరు నొచ్చుకున్నాడు. “కలపకూడదు సార్. కలిపితే టవర్ మీద పడ్డ పిడుగు మెషిన్లోకి వచ్చెయ్యదూ?”

అంటే పిడుగు మబ్బులోంచి దిగి, మూత మీద రాత చదువుకుని, తన గుంటలో తాను బుద్ధిగా దూకుతుందన్నమాట. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు లెక్కకొచ్చాయి. వాటిలో చదువుకున్నవెన్నో మరి!

సరే, బక్కెట్ల పుణ్యమా అని 1.8 ఓములే నిజమనుకుందాం. ఓ మోస్తరు పిడుగు 30,000 ఆంపియర్లు మోసుకొస్తుంది. గుణించండి: టవరు మొదలు 54,000 వోల్టులకు లేస్తుంది. పెరటి ఆ చివరనున్న మెషిన్ ఎర్తు మాత్రం ఏమీ ఎరగనట్టు అడుగునే ఉంటుంది. ఈ రెంటి మధ్యా ఉన్నదేమిటి? టవరు మీంచి దిగిన కోయాక్స్ కేబులు. దాని పైఅల్లిక ఒక కొస టవరుకీ, ఇంకో కొస మెషిన్ ఎర్తుకు కట్టిన రేడియో సెట్టుకీ. కాబట్టి మహాశయా, నువ్వు కలపనన్న ఎర్తులు ఎప్పుడో కలిసిపోయాయి. కలిపింది రాగిపట్టీ కాదు, మావాడు అప్పు చేసి కొన్న సెట్టు! గోదారికి వరదొస్తే పడవలో ఉన్నవాళ్లంతా పడవతోపాటే లేస్తారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడే చీలిపోతాడు.

ఆ 1.8 కూడా టెస్టరు పంపే కాసింత కరెంటుకు వచ్చిన జవాబు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమంటే ఇదే. పిడుగు మైక్రోసెకన్లలో ఎగబాకుతుంది. తిన్నని తీగయినా మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ అడ్డం పడుతుంది. మైక్రోసెకనుకు 10,000 ఆంపియర్ల చొప్పున పెరిగిందా, మీటరు తీగకు 10,000 వోల్టులు. మన కాంట్రాక్టరు మిగిలిన ఎర్తు తీగను కోయలేక, పచ్చటి చుట్టలు చుట్టి అందంగా గోడకు తగిలించాడు. టవరు కాలికి బిగించిన క్లాంపు కింద పెయింటు కూడా గీకలేదు. పిడుక్కి మర్యాద తెలుసు, పెయింటు చెడగొట్టదు కాబోలు.

పిడుగు రక్షణకు మన దేశం ఐఎస్/ఐఈసీ 62305 అని ప్రమాణం పెట్టుకుంది. అది కోరేది వేరు కుంపట్లు కాదు, కట్టడమంతటికీ ఒకే ఎర్తు వ్యవస్థ. టవరు ఎర్తూ ఇంటి ఎర్తూ భూమిలోనే పట్టీతో కలవాలి. కేబుళ్లు గోడ దాటేచోట ఒక రాగిపట్టీ ఉండాలి. అల్లికలూ, సర్జ్ అరెస్టర్లూ, కరెంటు ఎర్తూ అన్నీ దానికే. అప్పుడు లేస్తే ఇల్లంతా ఒక్కసారే లేస్తుంది, సెట్టుకు తేడా తగలదు. అక్కడ ఓముల కంటే ఈ కలయికే ముఖ్యం. ఇవేవీ చెయ్యకపోతే అర్జునా, ఫల్గుణా అనుకుంటూ కేబులు ఊడబీకి బయట పారేసుకోవడం మేలు. దానికి గుంటల ఖర్చైనా లేదు.

ఇదంతా కాగితం మీద గీసి చూపించాను. కాంట్రాక్టరు శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు, టేపు తీసి గోడ కొలిచాడు.

“అర్థమైంది సార్. ఈ రాగిపట్టీకి ఐదో గుంట ఎక్కడ తవ్వమంటారు?”