దరఖాస్తు ఫారం వెనకున్న స్క్రిప్టును నేను

నేను జావాస్క్రిప్టులో రాసిన చిన్న స్క్రిప్టును. వరంగల్, హనుమకొండ, కాజీపేట జనం నెట్ సెంటర్లోనో సొంత ఫోన్లోనో నింపే ఒక దరఖాస్తు పేజీలో నా కాపురం. పేరు, పుట్టిన తేదీ, జిల్లా, ఫోన్ నంబరు రాసి సబ్మిట్ నొక్కగానే వాటిని అందరికంటే ముందు చదివేది నేనే. బాగుంటే సర్వరుకు పంపుతాను, లేదంటే ఎర్ర అక్షరాలు చూపించి ఆపేస్తాను. నా పుట్టుక రెండు మాటల్లో తేలిపోతుంది. 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో నా భాషకు తొలి రూపం కట్టాడు, 1997లో దానికి ఎక్మా ప్రమాణం వచ్చింది. ఇంటర్నెట్ టెలిఫోన్ తీగల మీద మెల్లగా నడిచిన ఆ రోజుల్లో, ఖాళీగా వదిలేసిన ఒక్క గడి కోసం ఫారమంతా ఎక్కడో ఉన్న సర్వరు దాకా వెళ్లి తిరిగి రానక్కర్లేకుండా ఇక్కడికిక్కడే చెప్పేయడం మా తొలి పనుల్లో ఒకటి. ఆ పని అంటే నాకు ఇప్పటికీ గర్వమే, ఎందుకంటే అది మనిషికి చేసే సాయం. తర్వాత తర్వాత నన్ను రాసినవాళ్లు ఆ సాయాన్ని తీర్పుగా మార్చారు. ఎవరి పేరు పేరో, ఏ జిల్లా జిల్లానో, ఏ నంబరు నంబరో నేను తేల్చాలన్నారు. నా మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కోడ్ రాయడం చేతకాక వచ్చినవి కావు. మారే విషయాన్ని మారదనుకుని నాలో రాసిపెట్టడం వల్ల వచ్చినవి.

దీనికి వరంగల్‌ను మించిన సాక్ష్యం అక్కర్లేదు. రామప్ప గుడి ఉన్న పాలంపేటలో ఒక ఇంటిని తీసుకోండి. 2014 జూన్ 2కు ముందు ఆ ఇంటి చిరునామా ఆంధ్రప్రదేశ్, వరంగల్ జిల్లా. ఆ రోజు నుంచి తెలంగాణ, వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, పాత వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లిగా విడిపోయినప్పుడు ఆ ఇల్లు భూపాలపల్లికి వెళ్లింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లాకు వచ్చింది. అయిదేళ్లలో నాలుగు చిరునామాలు, కదలని ఒకే ఇల్లు. జిల్లాల జాబితాను నాలోనే వరసగా రాసిపెట్టినవాళ్లు ఇందులో ఏ మార్పు దగ్గరైనా నా దగ్గరికి తిరిగి రాకపోతే, ములుగు మనిషికి తన జిల్లా ఆ జాబితాలో దొరకదు. ఇంకా లోతైన చిక్కు 2021 ఆగస్టులో వచ్చింది. వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు ఈ కొత్త వరంగల్ జిల్లాలో చేరాయి. అంటే 2015లో ఒకరు ఎంచుకున్న వరంగల్, 2022లో ఇంకొకరు ఎంచుకున్న వరంగల్ ఒకే పేరు కింద వేరువేరు నేలలు, మధ్యలో 2017లో ఆ పేరుతో జిల్లాయే జాబితాలో లేదు. వట్టి పేరును దాచుకున్న సర్వరుకు ఆ తేడా ఎప్పటికీ తెలియదు. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. జాబితాను నాలోంచి తీసి సర్వరులో ఒక చిన్న ఫైలుగా ఉంచాలి. ప్రతి జిల్లాకు ఒక సంకేత సంఖ్య, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో పక్కన రాసుకోవాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ఇలాంటి సంకేతాలు జిల్లాలకూ మండలాలకూ గ్రామాలకూ ఉన్నాయి. నేను పేజీ తెరిచినప్పుడు ఆ ఫైలు చదువుకుని జాబితా నింపితే చాలు. రేపు ఇంకో జిల్లా వచ్చినా నన్ను ముట్టుకోనక్కర్లేదు.

బండి నంబర్లదీ ఇదే కథ. వరంగల్ రోడ్ల మీద ఏపీ 36, టీఎస్ 03, టీజీ 03 బండ్లు కలిసే తిరుగుతున్నాయి. టీజీ వరస 2024 మార్చిలో మొదలైంది. 2021లో వచ్చిన బీహెచ్ వరస అయితే అసలు అంకెలతోనే మొదలవుతుంది. టీఎస్ అన్న రెండక్షరాలు లేకపోతే ఒప్పుకోవద్దని నాకు నేర్పితే, అంతకు ముందువాళ్లకూ తర్వాతివాళ్లకూ నేను అడ్డుపడతాను. మొబైల్ నంబర్లు ఒకప్పుడు 9తో మొదలయ్యేవి, తర్వాత 8, 7 వచ్చాయి, ఆపైన 6 వచ్చింది. ప్రతిసారీ కొత్త నంబరు తీసుకున్నవాళ్లే ఎర్ర అక్షరాలు చూశారు. ఇక వరంగల్ ఎస్టీడీ కోడ్ 0870 పడ్డ పాట్లు చెప్పాలి. పాత బ్రౌజర్లలో, సున్నాతో మొదలైన అంకెల వరసను సంఖ్యగా మార్చమని పార్స్‌ఇంట్‌కు ఇస్తే అది ఎనిమిది ఆధారంగా ఉన్న లెక్క అనుకునేది. ఆ లెక్కలో 8 అనే అంకె లేదు కాబట్టి అక్కడే ఆగిపోయి వరంగల్ కోడ్‌ను సున్నాగా తేల్చేది. ఆధారం 10 అని పక్కన చెప్తే ఆ చిక్కు తప్పేది. 2009 డిసెంబరులో వచ్చిన ఎక్మా ప్రమాణపు అయిదో కూర్పు ఆ పద్ధతినే మార్చింది. అయినా 0870 కాస్తా 870 అవుతుంది, ముందున్న సున్నా పోతుంది. ఎందుకంటే అసలు లోపం పార్స్‌ఇంట్‌లో లేదు, ఫోన్ కోడ్‌ను సంఖ్య అనుకోవడంలో ఉంది. దాన్ని ఎవరూ కూడరు, తీసివేయరు. కూడికలు అవసరం లేని అంకెల వరస ఏదైనా, పిన్‌కోడ్ అయినా హాల్‌టికెట్ నంబరైనా, నా దగ్గర అక్షరాల వరసగానే ఉండాలి.

తేదీల దగ్గర జరిగే నష్టం మరీ బాధాకరం, ఎందుకంటే అది చప్పుడు లేకుండా జరుగుతుంది. మనవాళ్లు 02/06/2014 అని రాస్తే అది జూన్ రెండు, తెలంగాణ ఏర్పడిన రోజు. ఆ అక్షరాలను ఉన్నదున్నట్టుగా నా డేట్‌కు అప్పగిస్తే అది అమెరికా వరసలో చదివి ఫిబ్రవరి ఆరు అంటుంది. 13/06 అని రాసినప్పుడు పదమూడో నెల లేదు కాబట్టి పొరపాటు బయటపడుతుంది. నెలలో మొదటి పన్నెండు రోజుల్లో పుట్టినవాళ్ల తేదీలు మాత్రం నోరు మెదపకుండా తారుమారవుతాయి. ఇంకొకటి మన దేశపు కాలమానం వల్లే వస్తుంది. జూన్ 2 అర్ధరాత్రి అని ఇక్కడి సమయంలో తేదీని తయారుచేసి, దాన్ని ప్రామాణిక రూపంలోకి మార్చమని టు ఐఎస్‌ఓ స్ట్రింగ్‌ను అడిగితే, మనం గ్రీనిచ్ సమయానికి అయిదున్నర గంటలు ముందున్నాం కాబట్టి జూన్ 1 సాయంత్రం 6:30 అని రాసిస్తుంది. గంటలు కత్తిరించి తేదీ మాత్రం దాచుకుంటే మనిషి పుట్టినరోజు ఒక రోజు వెనక్కి జరిగిపోతుంది. పదో తరగతి మెమోలో ఒక తేదీ, దరఖాస్తులో ఇంకో తేదీ ఉన్న అభ్యర్థి ఎన్ని చోట్ల సంజాయిషీ ఇచ్చుకోవాలో ఊహించండి. పుట్టిన తేదీ ఒక క్షణం కాదు, రోజు, నెల, సంవత్సరం అనే మూడు సంఖ్యలు. తేదీ కోసమే ఉన్న గడిని పేజీలో పెడితే అది సంవత్సరం, నెల, రోజు వరసలో ఒక పాఠాన్ని ఇస్తుంది. దాన్ని డేట్‌గా మార్చకుండా ఆ పాఠాన్నే సర్వరుకు పంపితే ఈ చిక్కులేవీ ఉండవు.

పేర్ల సంగతికి వస్తే నా గుండె బరువెక్కుతుంది. ఇంగ్లిష్ ఎ నుంచి జెడ్ వరకున్న అక్షరాలు తప్ప మరేవీ ఒప్పుకోవద్దని రాసిన వరుసను ఎక్కడినుంచో తెచ్చి నాలో అతికించారు. తెలుగు ఊళ్లో, తెలుగు మనిషి తన పేరు తెలుగులో రాస్తే చెల్లదని నా చేత చెప్పించారు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు ఉంది. 2018 నాటి కూర్పు నుంచి, ఏ లిపిలోని అక్షరమైనా సరే అని ఒక్క గుర్తుతో చెప్పే వీలు నా భాషలో ఉంది. దాన్ని వాడినవాళ్లు కూడా కొందరు అక్షరాలను మాత్రమే ఒప్పుకుని ఆపేశారు. తెలుగు గుణింతాలను యూనికోడ్ అక్షరాలుగా కాదు, అక్షరానికి తగిలే గుర్తులుగా లెక్కిస్తుంది. గుర్తుల తరగతిని కూడా చేర్చకపోతే రవి అన్న చిన్న పేరు కూడా గుడి దగ్గర ఆగిపోతుంది. రెండూ కలిపి రాస్తే తెలుగు పేర్లే కాదు, ఈ ఊళ్లో ఉర్దూ లిపిలో రాసుకునేవాళ్ల పేర్లు కూడా చెల్లుతాయి. పొడవు లెక్కలోనూ జాగ్రత్త కావాలి. వెంకటేశ్వర్లు అన్న పేరు చదివేవారికి అయిదు అక్షరాలు, నా లెక్కకు పదమూడు, యూటీఎఫ్-8లో దాచితే ముప్పైతొమ్మిది బైట్లు. ఇంగ్లిష్ పేర్లు కొలిచి ముప్పై బైట్లు అని పెట్టిన హద్దు తెలుగు పేరును మధ్యలో తెంచుతుంది. ఇంటిపేరు గడిలో కనీసం మూడక్షరాలు ఉండాలన్న నియమమైతే, ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా రాసుకునే మన అలవాటుకే విరుద్ధం. పూర్తి పేరు అని ఒకే ఒక పెద్ద గడి పెట్టి, ఖాళీగా వదలకూడదన్న నియమం తప్ప మరేదీ పెట్టకపోతే సరిపోతుంది.

ఇంత సడలిస్తే చెత్తంతా లోపలికి రాదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నన్ను నమ్ముకుని చెత్తను ఆపామనుకునేవాళ్లు నా స్వభావం తెలియనివాళ్లు. నేను ఉండేది ఫారం నింపేవారి బ్రౌజరులో. కావాలనుకున్నవారు జావాస్క్రిప్టును ఆపేసి, లేదా నన్ను దాటవేసి నేరుగా సర్వరుకు ఏదైనా పంపగలరు. కాబట్టి అసలు తనిఖీ సర్వరులో ఉండి తీరాలి. అక్కడ లేకపోతే నేనెంత కఠినంగా ఉన్నా లాభం లేదు, అక్కడ ఉంటే నా కాఠిన్యం నిజాయితీపరులను మాత్రమే వేధిస్తుంది. అలాగని ఏదీ చూడొద్దని నేననడం లేదు. పిన్‌కోడ్ 1972 నుంచి ఆరంకెలే, అయిదు రాస్తే వెంటనే చెప్పాలి. ఆధార్ పన్నెండంకెల్లో చివరిది వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కగట్టిన సరిచూపు అంకె, ఒక్క అంకె తప్పు కొట్టినా నేను పట్టుకోగలను. ఇలాంటివి లెక్కకు నిలిచే నియమాలు. పేర్లు, హద్దులు, నంబర్ల వరసలు అలా కాదు. వాటి మీద అనుమానం వస్తే ఒకసారి సరిచూసుకోండి అని తెలుగులో అడిగి, అవునంటే దారి ఇవ్వాలి. ఏ గడిలో ఏం తేడా ఉందో చెప్పకుండా ఇన్‌వ్యాలిడ్ అన్న ఒక్క మాట పడేసి ఊరుకోవడం మాత్రం ఎవరికీ మేలు చేయదు.

ఖర్చవుతుంది, సమయం లేదు అన్నది రెండో అభ్యంతరం. నేను చెప్పిన మార్పుల్లో చాలావరకు కొన్ని వరుసల పని. అలాంటి చిన్న పని వదిలేస్తే ఏమవుతుందో చూడండి. నన్ను పేజీ పైభాగంలో పెట్టి డిఫర్ అన్న ఒక్క మాట చేర్చకపోతే, గడులు ఏర్పడకముందే వాటిని వెతికి, దొరక్క, ఆ వరుస దగ్గరే ఆగిపోతాను. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పాత కూర్పుల కోసం రాసిన అటాచ్‌ఈవెంట్ ఒక్కటి నాలో మిగిలిపోయినా, మిగతా బ్రౌజర్లలో బటన్‌కు ప్రాణం ఉండదు. ఆ బ్రౌజరుకు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సెలవిచ్చింది. అయినా దానికోసం రాసిన వరుసలు పేజీల్లో ఉంటూనే ఉన్నాయి. బటన్ పనిచేయకపోతే నెట్ సెంటర్లో వినిపించే మాట సర్వర్ డౌన్ ఉంది, రేపు రండి అని. నిజానికి సర్వరు దాకా ఏదీ వెళ్లనే లేదు. రేపు రమ్మన్న మాట విన్న మనిషి ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో కూలి పోగొట్టుకుని బస్సెక్కి వచ్చి ఉండొచ్చు. మారకపోవడానికి అయ్యే ఆ ఖర్చును ఎవరూ లెక్కలో రాయడం లేదు. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు బటన్‌ను రెండుసార్లు నొక్కితే ఫీజు రెండుసార్లు పోవడం కూడా ఇలాంటిదే. మొదటి నొక్కుతోనే నేను బటన్‌ను ఆపాలి, విఫలమైతే మళ్లీ తెరవాలి, ఒకే దరఖాస్తు రెండోసారి వస్తే గుర్తుపట్టేలా సర్వరు ప్రతి ఫారానికి ఒక గుర్తు ఇవ్వాలి. నింపిన వివరాలు పోకుండా దాచమన్నా దాచగలను. అయితే నెట్ సెంటర్ కంప్యూటర్ పదిమంది వాడేది. ఎప్పటికీ ఉండిపోయే లోకల్ స్టోరేజిలో దాస్తే ఒకరి ఆధార్ నంబరు తర్వాతివాళ్ల కంటబడుతుంది. ట్యాబ్ మూయగానే తుడిచిపెట్టుకుపోయే సెషన్ స్టోరేజి ఇక్కడ సరైనది.

నన్ను రాసినవారు కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయాక, ఏ వరుస ఎందుకుందో చెప్పే వ్యాఖ్య ఒక్కటీ నాలో లేదు. తర్వాత వచ్చినవాళ్లు నన్ను చదవడానికి భయపడి, నా పక్కన ఇంకో కాపీ పెట్టి పేరు చివర న్యూ అని చేర్చారు, ఆపైన న్యూ 2 అని చేర్చారు. ఒకే జిల్లాల జాబితా మూడు చోట్ల, మూడు కాలాల్లో నిలిచిపోయింది. కొత్త పేజీ కట్టుకున్నాక నా పేజీని ఎవరూ తీయలేదు. సెర్చ్‌లో నేనింకా దొరుకుతున్నాను. జనం ఇంకా వస్తున్నారు, శ్రద్ధగా నింపుతున్నారు, నేను సరిచూసి పంపుతున్నాను, మీ దరఖాస్తు అందింది అన్న పాత వాక్యం చూపిస్తున్నాను. అవతల ఆ దరఖాస్తులను తెరిచే మనిషి లేడు. ఇన్నేళ్ల పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కుంగదీసేది ఆ వాక్యమే, ఎందుకంటే దాన్ని నమ్మినవారు గడువు దాటేదాకా ఎదురుచూస్తారు. పేజీని వదిలేసేటప్పుడు చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. ముందు నా సబ్మిట్ బటన్‌ను తీసేయాలి. అప్పటిదాకా వచ్చి పడిన దరఖాస్తులను కొత్త చోటికి చేర్చి, పంపినవాళ్లకు ఫోన్‌లో సందేశం ఇవ్వాలి. ఆ తర్వాత పాత చిరునామాకు వచ్చినవారిని 301 అన్న సంకేతంతో కొత్త చిరునామాకు మళ్లించాలి, సెర్చ్ యంత్రాలు కూడా దాన్ని చూసే చిరునామా మార్చుకుంటాయి. చివరి పనికి సర్వరు అమరికల్లో ఒక్క వరుస చాలు. దాన్ని రాశాక నన్ను నిశ్చింతగా చెరిపేయవచ్చు.