చిట్కా బావ

పెళ్లిచూపులకు వచ్చిన రోజున మా బావ అక్క ముఖం చూడలేదు. ముప్ఫై నాలుగేళ్లుగా అక్క చేస్తున్న ఫిర్యాదు ఇది. ఆయన చూసింది పళ్లు. కాఫీ అందిస్తూ అక్క ఇలా నవ్విందో లేదో, "పలువరస బాగుందమ్మా, ఏ-టూ ఉంటుంది" అని వాళ్లమ్మ చెవిలో అన్నాడట. ఆవిడ అదేదో నక్షత్ర పాదమనుకుని, మంచిదేలే అన్నట్టు తల ఊపింది. ఏ-టూ అంటే పంటి రంగుల పలకలో ఒక రంగని మాకు తెలిసేసరికి అక్షింతలు కూడా పడిపోయాయి.

మా నాన్న గొడవ వేరు. మధ్యవర్తి "అబ్బాయి డెంటల్ మెకానిక్" అంటే ఆయనకు మొదటి మాట వినబడలేదు, రెండోదే వినబడింది. స్కూటర్లు విప్పేవాడికి పిల్లనివ్వనని భీష్మించుకు కూర్చున్నాడు. ఇందులో బావ తప్పేమీ లేదు. 1948లో వచ్చిన దంతవైద్యుల చట్టమే కట్టుడు పళ్లు చేసేవాళ్లకూ బాగుచేసేవాళ్లకూ ఆ పేరు పెట్టింది. తర్వాత్తర్వాత అంతా టెక్నీషియన్ అనడం మొదలెట్టారు గానీ, నాన్న మాత్రం పోయేదాకా సైకిలు పంక్చరైనప్పుడల్లా అల్లుడి వైపే చూసేవాడు. అల్లుడు బాగుచేసి పెట్టేవాడు కూడా. ఇక నాన్నకు అనుమానం ఎలా తీరుతుంది?

విజయవాడ సూర్యారావుపేటలో డాక్టర్ల బోర్డుల సందులో మేడెక్కితే రెండు గదులు, అదీ బావ ల్యాబు. అరల నిండా పచ్చరాతి దవడలు, తెల్లప్లాస్టర్ దవడలు, వాటి అడుగున పెన్సిల్‌తో అంకెలు. ఆయనకు ఊరంతా తెలుసు, ముఖాలు తప్ప. బజార్లో మనిషి ఎదురైతే పోల్చుకోలేడు గానీ నవ్వాడంటే మాత్రం, "పైన ఎడమ ముందుపన్ను మెలి తిరిగింది చూశావా, రెండేళ్ల కిందట కింద బ్రిడ్జి చేశాం" అంటాడు.

ఈ వృత్తిలో వాడే సామాన్లకు దుకాణాలున్నాయి, పట్టీలున్నాయి. బావ ఆ ధరల పట్టీని వారపత్రికలో జోకుల పేజీలా చదువుతాడు. "దీనికి రెండు వేలా? ఇంట్లో ఉందిగా!" అంటాడు. "ఇంట్లో ఉంది" అన్న ఆ మాట వినబడితే చాలు, అక్క వంటింటి తలుపు దగ్గరగా వేసేస్తుంది.

మొదట పోయింది గోళ్ల రంగు. రాతి అచ్చు మీద పంటి తొడుగు చేసేటప్పుడు లోపల సిమెంటుకు వెంట్రుకవాసి చోటు వదలాలట. దానికి అచ్చు మీద ముందే ఒక పూత వేస్తారు, అంచుకు మిల్లీమీటరు ఇవతల ఆపి. అంగట్లో ఆ పూత సీసా ఉంది, అక్క పెట్టెలోనూ గోళ్ల రంగు సీసా ఉంది. రెండూ ఒకటేనని బావ తేల్చేశాడు. బెజవాడ పళ్ల లోపల పడినంత రంగు అక్క గోళ్ల మీద ఏనాడూ పడలేదు.

తర్వాత ప్రెషర్ కుక్కరు. పొయ్యి అక్కర్లేని ఆక్రిలిక్‌ను గోరువెచ్చని నీళ్లలో ముంచి, పైన గాలి ఒత్తిడి పెడితే బుడగల్లేకుండా గట్టిపడుతుంది. బావ అక్క కుక్కరు మూతకు సైకిల్ ట్యూబు వాల్వు బిగించి, పంపుతో గాలి కొట్టాడు. నాన్న అప్పుడు బతికే ఉన్నాడు. పంపు కొడుతున్న అల్లుణ్ణి గుమ్మంలోంచి చూసి, మాట్లాడకుండా వెళ్లి పడుకున్నాడు.

ఇవి కాక పాత టూత్ బ్రష్షులు. వాళ్లింట్లో రెండు రోజులుండి వస్తే నా బ్రష్షు అక్కడే ఉండిపోతుంది. మర్చిపోయాననుకునేవాణ్ణి. ఒకసారి ల్యాబులో నోటి కొలత అచ్చు మీద లాలాజలం జిగురు తోముతూ కనబడింది, నీలం పిడితో సహా. "అరిగిందోయ్, నీకు పనికిరాదు" అన్నాడు. అరిగిందీ లేనిదీ నేను కదా చెప్పాలి!

ఇదంతా పిసినారితనం అనుకుంటే పొరపాటే. ఆయన దృష్టిలో ప్రపంచంలో ఒకటే శాస్త్రముంది, అది ప్లాస్టరూ మైనమూ. మిగిలినవన్నీ దాని శాఖలు. అక్క శనగపిండిలో నీళ్లు పోస్తుంటే చెయ్యి పట్టుకుంటాడు. "నీళ్లలో పొడి వెయ్యాలి గానీ పొడిలో నీళ్లు పోస్తే గాలి చిక్కుతుంది. వంద గ్రాములకు ముప్ఫై మిల్లీలీటర్లు." ఆ లెక్క రాతిపొడిది. ఆ లెక్కన కలిపితే బజ్జీ కొరకడానికి బావ చేసిన పళ్లు కూడా చాలవు. ఉప్మా చేసిన రోజు మాత్రం అక్కను మెచ్చుకుంటాడు, నీళ్లు మరిగాక రవ్వ పోస్తుందని.

పెరుగు తోడుపెట్టడం చూస్తే ఆయనకు తన ప్లాస్టరే గుర్తొస్తుంది. గట్టిపడిన ప్లాస్టర్ గీకిన నీళ్లు కాస్త కొత్త ప్లాస్టర్‌లో పోస్తే అది తొందరగా బిగుస్తుంది. ఉప్పు వేసినా అంతే. బోరాక్స్ వేస్తే నెమ్మదిస్తుంది. బిగుస్తున్నప్పుడు దానికి వేడి పుడుతుంది, చల్లారేదాకా కదిలించకూడదు. బావ దవడను తీసి చెంపకు ఆనించుకుని "ఇంకా జ్వరం తగ్గలేదు" అంటాడు. ఆయన పిల్లలకు జ్వరమొచ్చినప్పుడు అంత శ్రద్ధగా చూశాడో లేదో అక్కనడగాలి.

క్లినిక్‌లో డాక్టరు తీసిన కొలతలు మోసుకురావడానికి బండి మీద తిరిగే కుర్రాడొకడున్నాడు. ఆ కొలతలకు వాడే ఆల్జినేటు సముద్రపు నాచులోంచి తీసిన సరుకు. గాలికి ఆరితే ముడుచుకుంటుంది, నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. తమలపాకుల్ని చుట్టినట్టు తడిగుడ్డలో చుట్టి తేవాలి, పావుగంటలో ప్లాస్టర్ పొయ్యాలి. కుర్రాడు బెంజి సర్కిల్ దగ్గర ఆగిపోయాడంటే ఇక్కడ బావకు ముచ్చెమటలు పడతాయి. అంబులెన్సుకు దారి ఇచ్చినట్టు ఆ బండికీ ఇవ్వాలని ఆయన కోరిక. ట్రాఫిక్ పోలీసుకు ఒకసారి వివరించాడు కూడా. మొదలుపెట్టి పావుగంటయ్యాక ఆ పోలీసు, బండి కదిలించకపోతే ఫైను రాస్తానన్నాడు.

రంగుల సంగతి చెప్పకపోతే ఈ మనిషి పూర్తికాడు. పుల్లలకు గుచ్చిన పదహారు పళ్ల పలక ఒకటుంది. ఏ అంటే ఎరుపు కలిసిన గోధుమ, బి అంటే పసుపు, సి బూడిద, ఇలా. ట్యూబులైటు కింద చూడకూడదు, పగటి వెలుగులో చూడాలి, పెదాలకు రంగుంటే తుడిపించాలి. ఐదు సెకన్లకు మించి చూస్తే కన్ను మోసపోతుంది, మధ్యలో నీలం రంగు చూసి కంటిని కడుక్కోవాలి. పెళ్లైన కొత్తలో బావ అక్కను నీలం చీర కట్టుకుని మధ్యాహ్నం క్యారేజీ తెమ్మనేవాడు. అక్క దాన్ని ప్రేమ అనుకుంది. మూడు నెలల తర్వాత గోడకు నీలం అట్ట అంటించి, "ఇక నువ్వు ఎండలో రానక్కర్లేదు" అన్నాడట.

ఇలా ఎన్నైనా చెబుతాను, ఒళ్లు మండి. కానీ ఒకసారి రాత్రి ల్యాబులో ఆయనతో కూర్చోవలసి వచ్చింది. తెల్లారితే డాక్టరుకు ఒక ముందుపన్ను అందాలి. యాభై దాటిన మనిషిది. పింగాణీ పొడి తడిపి, కుంచెతో పొర మీద పొర అద్ది, కొలిమిలో పెట్టి తీసి, పక్కపన్ను ఫొటోతో పోల్చి, మళ్లీ అద్దాడు. నాకు మొదటిసారికే బాగుందనిపించింది. ఆయన కొత్తపంటి అంచున గోధుమరంగు గీత ఒకటి సన్నగా దిద్దాడు, మెడ దగ్గర కాస్త మరక పెట్టాడు.

"కొత్తదానికి మరకెందుకు బావా?"

"పక్కదానికి ముప్ఫై ఏళ్ల కిళ్లీ ఉందోయ్. ఇది తెల్లగా మెరిస్తే వరసలో పరాయిదైపోదూ! చుట్టరికం కలవాలి."

రెండు దాటింది. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. కుర్రాళ్లందరికీ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుందని చెప్పే మనిషి ఈయనే. తిట్టాను, పైకి లాక్కున్నాడు. నేను అటు తిరగ్గానే మళ్లీ దించాడు.

ఆ పన్ను మళ్లీ కనబడింది, తెనాలిలో, మా చుట్టాల పెళ్లి పంక్తిలో. ఎదురు వరసలో ఒకాయన ఏదో జోకుకు గట్టిగా నవ్వాడు. బావ చేతిలో గారె ఆగిపోయింది. "అది నాదే" అన్నాడు గుసగుసగా. ఇక భోజనం లేదు, ఆయన నమలడమే చూస్తున్నాడు. ముందుపంటితో ఆయన జంతిక కొరికినప్పుడు బావ కళ్లు మూసుకున్నాడు. టప్పున విరిగింది జంతికేనని తేలాక తెరిచాడు. చేతులు కడుక్కునే చోటిదాకా వెంబడించాడు. ఆయనకు అనుమానం వచ్చి, "ఏం కావాలండీ?" అని అడిగాడు.

"ఏం లేదండీ... జంతికలు బాగున్నాయా?"

ఆయన జేబు తడుముకుని వెళ్లిపోయాడు. చెప్పొచ్చు కదా బావా అంటే, "డాక్టరుగారి పేషెంటోయ్, మనం చెప్పకూడదు" అన్నాడు. కానీ తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి చూస్తూ కృష్ణ దాటేదాకా తనలో తనే నవ్వుకున్నాడు.

ఇప్పుడు ల్యాబులో సగం మా మేనల్లుడిది. వాడు కంప్యూటర్లో పన్ను గీస్తే మిషను జిర్కోనియా దిమ్మను చెక్కుతుంది. పిల్లలు పెరుగుతారని మనం వదులు చొక్కాలు కుట్టిస్తాం. ఇది తరుగుతుందని ఐదోవంతు పైనే పెద్దదిగా చెక్కుతారు, పదిహేను వందల డిగ్రీల కొలిమిలో సరైన కొలతకు ముడుచుకుంటుంది. మైనం అచ్చు కరిగించి లోహం పోసే పనిలో స్వామిమలై శిల్పులకు తనను తాను జ్ఞాతిగా చెప్పుకునే బావకు ఇదంతా వీడియో గేమ్. అయినా కొడుకు వెనక నిలబడి, మైనం చెక్కే కత్తి తెర మీద ఆనించి "ఇక్కడ గుంత లోతు చెయ్యి" అంటాడు. తెర మీద గీతలు పడ్డాయి. గీతలు పోవడానికి టూత్‌పేస్టు రుద్దమన్నాడు. అదీ చిట్కాయే. మేనల్లుడు కొత్త తెర కొన్నాడు.

నా వంతు కిందటేడు వచ్చింది. కింద ఎడమవైపు దవడపన్ను, వాళ్ల లెక్కలో ముప్ఫై ఆరు. రూట్ కెనాల్ అయ్యాక తొడుగు బావే చేశాడు. పెట్టాక చూస్తే నోరు మూస్తే అదొక్కటే తగులుతోంది, మిగతా పళ్లు ఉపవాసం. ల్యాబువాళ్లు ఎత్తు పెట్టారన్నాడు డాక్టరు. బావకు ఫోను చేశాను.

"కొలత తీసేటప్పుడు నువ్వు నోరు సరిగ్గా మూయలేదు. అయినా నువ్వెప్పుడు మూశావు గనక!"

ముప్ఫై నాలుగేళ్లుగా దాచుకున్న మాటలా వచ్చింది. డాక్టరు నీలం కాగితం కొరికించి, మచ్చ పడ్డచోట అరగదీశాడు. బావ ఆ పూట క్లినిక్ మెట్ల మీదే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. "నోట్లో పని డాక్టరుది. రాతి మీద పనే మనది" అన్నాడు. బయటికి రాగానే జేబులోంచి చేగోడీ తీశాడు. కొరికాను. తల వంచి ఆ చప్పుడు విన్నాడు, రేడియో స్టేషను కలిపేవాడిలా. "ఇంకోటి" అన్నాడు. నాలుగు తినిపించాడు. ఇప్పటికీ ఫోను చేస్తే ఎలా ఉన్నావని అడగడు. "కటుక్కుమంటోందా?" అంటాడు.

ఇంతా రాశాక ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈమధ్య టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఏం చెప్పిందో నాకు గుర్తుండటం లేదు, బి-వన్ అని మాత్రం గుర్తుంటోంది. మా ఆవిడ ముక్కుపుడక నేల మీద పడిపోతే ఇల్లంతా ఊడ్వబోయారు. వద్దని, లైట్లార్పించి, టార్చిని నేలకు పడుకోబెట్టి వెలిగించాను. మంచం కోడు పక్కన మెరిసింది. ల్యాబులో జారిపడిన తొడుగుల్ని బావ వెతికే పద్ధతి అది. ఆ పూట నా మాటకు ఇంట్లో విలువ వచ్చింది. దాంతో ధైర్యం హెచ్చి, విరిగిన కళ్లజోడు ముక్కల్ని అగ్గిపుల్లలు అడ్డంగా ఆనించి కదలకుండా నిలబెట్టి అతికించాను, ఆయన విరిగిన కట్టుడుపళ్లను నిలబెట్టినట్టే. అతుకు మీద రెండు పూతలు గోళ్ల రంగు కూడా వేశాను.

నిన్న మా ఆవిడ పెట్టె తెరిచి, సీసా ఏదని అడిగింది.

"మీ అన్నయ్య వచ్చి వెళ్లాడుగా, ఆయన్నడుగు" అన్నాను.

బావ మా ఇంటికొచ్చి నాలుగు నెలలైంది.