యాభై రూపాయల పాళెగారు

మదురైలో విశ్వనాథ నాయకుడు నాడంతటినీ 72 పాళేలుగా చేసి పాళెగాళ్ళకు పంచిపెట్టి నాలుగు వందల యేళ్ళు దాటింది. పాళేలు పోయాయి, కోటలు పోయాయి, ఇంట్లో పిల్లల నోట తెలుగు కూడా పోతూ ఉంది. చెక్కుచెదరనిది ఒక్కటే, గేటు. కోయంబత్తూరు పీళమేడులోనో, ఆవారంపాళయంలోనో, మదురై శివార్లలోనో మన తెలుగువాళ్ళ పెద్దిల్లు ఒకటి చూడండి. గేటుకు తాత పేరు, దాని కింద ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని తమిళంలో ఒక పలక, ఇంగ్లీషులో ఒక పలక. తెలుగులో రాయించరు. చదవగలిగినవాడు ఇంట్లోనే లేడు, ఇక దొంగల్లో ఎక్కడ దొరుకుతాడు?

పలక ఉంది గనక కుక్క ఉండాలి. అందుకని మన నవీన పాళెగారు ఒక ఆదివారం పొద్దున కారు తీసి, దిక్కులేని కుక్కలను చేరదీసే ఆశ్రమానికి వెళ్ళాడు. కొంటే వేలు పోయాలి. దత్తతైతే పుణ్యమూ దక్కుతుంది, పైసా పోదు. అక్కడ పని చూసే అమ్మాయి కూడా మన తెలుగుపిల్లే.

“మంచి పెద్దది కావాల పాపా. చూస్తేనే భయపడాల.”

“ఎవరు భయపడాల మామా?”

“వీధి.”

“రోట్‌వీలరు ఒకటి ఉండాది. నాలుగేండ్లది, యాభై కిలోలు. రోజుకు రెండుపూటలా నడిపించాల. ఎవరు నడిపిస్తారు?”

“వాచ్‌మన్.”

“వాచ్‌మన్ ఊరికి పోతే?”

“డ్రైవరు.”

“మీరు?”

పాళెగారి మీసం అదిరింది. “ఏం పాపా, ఒక కుక్కను ఇచ్చేదానికి ఇన్ని ప్రశ్నలా? నేను నా కూతుర్ని ఇచ్చేటప్పుడు కూడా ఇన్ని అడగలేదు!”

ఆ పూట ఆయన నోట వచ్చిన మాటల్లో నిజమైనది అదే.

ఆ రోట్‌వీలరు అక్కడికి ఎలా వచ్చిందో ఆయన అడగలేదు. అదీ ఒక పాళెగారి ఇంటి నుంచి వచ్చిందే. నలభై రోజుల పిల్లగా కొన్నప్పుడు అది దూదిపింజ. ఒళ్ళో పెట్టుకుని ఫోటోలు, పేరు పెట్టడానికి ఒక విందు. ఎనిమిది నెలలకు అవ్వను తాడుతో సహా వాకిట్లోకి ఈడ్చేసరికి మెడకు గొలుసు పడింది. గొలుసు పడ్డాక అరుపు మొదలైంది. అరిచే కొద్దీ గొలుసు పొట్టిదైంది. చివరికి ఒక రాత్రి కారెక్కించుకుని తీసుకుపోయి, ఊరి బయట దించి వచ్చారు.

ఇది నేరం కాదా? నేరమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చదవండి. మరీ పొట్టి గొలుసుతో కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను నడిపించకపోవడం నేరం. ఆకలిదప్పులకు మాడేలా వదిలేయడమూ నేరమే. మరి శిక్ష? మొదటి తప్పుకు పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా జరిమానా! కోయంబత్తూరు గాంధీపురంలో కూర్చుని ఒక నెయ్యి దోశ తింటే బిల్లు అంతకన్నా ఎక్కువ. దోశ వదిలేసిన వాడికి పడే నష్టం కూడా కుక్కను వదిలేసిన వాడికి లేదు. ఆ కుక్క ఎవరినైనా కరిచి, యజమాని నిర్లక్ష్యం తేలితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ఆరు నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో అంటుంది. దాని మెడపట్టీకే మనవాడు అంత పోసి ఉంటాడు.

ఢిల్లీవారు మాత్రం ఊరికే కూర్చోలేదు. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రోట్‌వీలర్, మాస్టిఫ్ మొదలుకొని 23 జాతుల జాబితా రాసి, అమ్మకాలూ పెంపకాలూ ఆపమని రాష్ట్రాలకు పంపింది. సంబంధించిన వాళ్ళను సంప్రదించలేదని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మేలో చెన్నై నుంగంబాక్కం పార్కులో రెండు రోట్‌వీలర్లు అయిదేళ్ళ పాపను తీవ్రంగా కరిచాయి. ఆ పాప ఆ పార్కు కావలివాడి కూతురు. కాపలాకని జనం పెంచుకునే జాతి కుక్క కాపలావాడి బిడ్డనే కరిచింది. 23 రకాల కుక్కల పేర్లు రాసిన కలానికి, తాడు పట్టుకోవడం చేతగాని యజమాని జాతి పేరు రాయడానికి మాత్రం సిరా చాలలేదు.

“మన జాతి కుక్క ఏదైనా ఉండాదా?” అన్నాడు పాళెగారు, మాట మార్చి. ఉండాది. రాజపాళయం. తెలుగునాటి నుంచి వలస వచ్చిన రాజులు స్థిరపడిన ఊరు అది. మద్రాసు రాష్ట్రానికి కుమారస్వామి రాజా వంటి ముఖ్యమంత్రిని ఇచ్చిన ఊరు. ఆ ఊరి తెల్ల వేటకుక్క 2005లో తపాలాబిళ్ళకెక్కింది. అప్పుడు మనవాడికి అది ‘నాటుకుక్క’. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియోలో దాని పేరెత్తగానే అది ‘మన వంశపు కుక్క’ అయిపోయింది. తుప్పల్లో అడవిపందిని తరిమిన జాతిని తెచ్చి మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెడితే, తాత పందిని తరిమిన కాళ్ళతో మనవడు లిఫ్టును తరుముతాడు.

అందులోనూ మనవాడికి మచ్చలేని తెలుపే కావాలి. మచ్చలేని తెలుపు కోసం ఏరి ఏరి జత కలిపితే చెవిటి పిల్లలు పుట్టడం ఆ జాతిని పట్టిన పాత జబ్బు. మచ్చలేని వంశం కోసం పాకులాడే ఇళ్ళలోనూ అంతేగదా, ఎదుటివాడి మాట వినబడదు.

నిజానికి ఆశ్రమంలోని పెద్ద కుక్క మంచి బేరమే. పిల్ల రేపు ఏమవుతుందో తెలియదు. నాలుగేళ్ళదాని గుణం కళ్ళ ముందే ఉంటుంది. ఇంటిల్లిపాదీ నాలుగుసార్లు వచ్చి దాన్ని కలవాలి. తెచ్చుకున్న కొత్తలో మూలన కూర్చుంటే కూర్చోనివ్వాలి. సంతానం కలగకుండా ఆపరేషన్, యేటా రేబిస్ టీకా, మదురై ఎండల్లో నీడా నీళ్ళూ చూడాలి. అంత బలమున్న కుక్క బతికేది తొమ్మిది పదేళ్ళే. అది బతికినన్నాళ్ళూ తాడు రెండో కొస యజమాని చేతిలోనే ఉండాలి. ఆ తాడు పట్టేవాడికి వీధిని భయపెట్టే తీరిక ఉండదు.

పాళెగారికి కుక్క దొరకలేదు. అయినా పరువు ఉందిగదా, చెక్కుబుక్కు తీశాడు. “సరే పాపా, విరాళం రాస్తా. గేటు దగ్గర నా పేరుతో ఒక పలక వేయించండి.”

“తప్పకుండా మామా,” అంది ఆ పిల్ల. “దాని కింద ‘జాగ్రత్త’ అని కూడా రాయాల్నా?”