పేరు మార్చారు, మ్యాక్‌కి చెప్పలేదు

ఆఫీసు మ్యాక్‌ని పెట్టెలోంచి తీసి నెట్‌కు కలపగానే అది కంపెనీ అదుపులోకి తానే వెళ్లిపోయే ఏర్పాటుకు ఆపిల్ 2014లో పెట్టిన పేరు ‘డివైస్ ఎన్‌రోల్‌మెంట్ ప్రోగ్రామ్’. ముద్దుగా డెప్. తర్వాత దాన్ని తన బిజినెస్ మేనేజర్ సేవలో కలిపి, ‘ఆటోమేటెడ్ డివైస్ ఎన్‌రోల్‌మెంట్’ అని మార్చి, 2019 డిసెంబరులో పాత ప్రోగ్రామ్‌కు తాళం వేసింది. ఐటీ వాళ్లు వింటేనా? ఇప్పటికీ డెప్పే! పాపం, వాళ్లననేం లాభం? మ్యాక్ టెర్మినల్‌నే అడగండి: ‘ఎన్‌రోల్డ్ వయా డెప్: యస్’ అంటుంది. బారసాల చేసిన ఇంట్లోనే బిడ్డను పాత పేరుతో పిలుస్తున్నారు మరి!

మైక్రోసాఫ్ట్ ఏమైనా తక్కువ తిందా? 2023లో ఆఫీసు లాగిన్ల సేవ ‘అజ్యూర్ ఏడీ’ పేరును ‘ఎంట్రా ఐడీ’ చేసేసింది. విండోస్ కమాండ్ మాత్రం తాపీగా ‘అజ్యూర్ఏడీ జాయిన్డ్’ అంటోంది.